కాకినాడ రేవు నుంచి మన బాణలి దాకా

అందరికీ నమస్కారం. సాయంత్రం ఆరింటికి బ్రాడీపేటలో ఉపన్యాసం అంటే ఎవరొస్తారు, అందరూ బజ్జీల బండి దగ్గరుంటారు గానీ అనుకున్నాను. ఇంతమంది వచ్చారు, సంతోషం. కాలేజీలో చాలా ఏళ్లు కామర్స్ చెప్పినవాణ్ని. దిగుమతి సుంకం, అంటే బయటి దేశాల సరుకు మీద వేసే పన్ను, ఆ మాట అనగానే చెయ్యి సుద్దముక్క కోసం వెతుకుతుంది. ఇవాళ మాత్రం ఆ సుంకం చివరికి ఎవరి జేబుకి తగులుతుందో నూనె ప్యాకెట్ ఒక్కటి పట్టుకుని మాట్లాడతాను.

మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తుంది. పామాయిల్ ఇండోనేషియా, మలేషియాల నుంచి, సన్‌ఫ్లవర్ ఎక్కువగా రష్యా, ఉక్రెయిన్‌ల నుంచి. ముడినూనె ఓడల్లో కాకినాడ, కృష్ణపట్నం లాంటి రేవుల్లో దిగి, రిఫైనరీల్లో శుద్ధయి మన కొట్టుకొస్తుంది. 2024 సెప్టెంబరు 14న ఆ ముడినూనె మీద మూల సుంకాన్ని సున్నా నుంచి 20 శాతం చేశారు. దానికి వ్యవసాయం పేరుతో వేసే సెస్సు 5 శాతం కలిపి, ఆ మొత్తం మీద పదోవంతు సర్‌ఛార్జి, అంటే పన్ను మీద పన్ను, వేస్తే 27.5 శాతం. అంతకు ముందు అన్నీ కలిపినా 5.5 శాతమే.

లెక్క తేలిగ్గా ఉండటానికి కిలో ముడినూనె రేవులో వంద రూపాయలనుకోండి. నిన్న 105.50కి బయటికొచ్చిన కిలో, తెల్లారేసరికి 127.50. ఈ 22 రూపాయలు కట్టేది దిగుమతిదారే, కాదనను. కానీ తన జేబులోంచి కాదు. చేతులు మారుతూ, 5 శాతం జీఎస్టీని కూడా వెంటబెట్టుకుని మన వంటింటికి వస్తుంది. నెలకి నాలుగు కిలోలు వాడే ఇంటికి తొంభై రూపాయల పైచిలుకు. ఇక్కడున్న చాలామందికి అది పెద్ద లెక్క కాదు. కానీ కూరలో పోసే నూనె మనింట్లోనూ మన పనమ్మాయి ఇంట్లోనూ ఇంచుమించు ఒకటే. జీతాలే ఒకటి కావు.

అప్పట్లో కంపెనీలను ధరలు పెంచొద్దని కేంద్రం కోరింది. పాత సుంకంతో వచ్చిన నూనె దాదాపు 30 లక్షల టన్నులుంది, 45 నుంచి 50 రోజులకి సరిపోతుందని చెప్పింది. మేం కొనే కొట్లో మాత్రం వారం తిరక్కుండానే రేటు మారింది. పాత సరుకేగా అంటే, "కొత్తది తేవాలిగా మాస్టారూ" అన్నాడు కొట్టతను. ఒళ్లు మండింది గానీ, అతని మాటలో సగం నిజముంది. ఇవాళ అమ్మిన డబ్బుతోనే రేపటి సరుకు తేవాలి.

మా ఆవిడ ఇంకో ప్రశ్న వేసింది. "వేరుశనగ నూనె ఓడలో రాదుగా, దానికెందుకు పెరగాలి?" నా తరగతిలో ఎవరూ ఇంత మంచి ప్రశ్న అడగలేదు. సన్‌ఫ్లవర్ చవగ్గా ఉన్నంతకాలం వేరుశనగ అమ్మేవాడు రేటు పెంచడానికి జంకుతాడు. పోటీ సరుకు ఖరీదయ్యాక ఆ జంకు పోతుంది. అలా పెరిగిన రూపాయి సుంకంగా ఖజానాకి చేరదు. కొంత వ్యాపారికి, దొరికితే కొంత రైతుకి.

ఆ రైతు సంగతీ చెప్పాలి. మా వియ్యంకుడికి జంగారెడ్డిగూడెం దగ్గర ఆయిల్‌పామ్ తోట ఉంది. గెలల రేటు ముడి పామాయిల్ ధరను బట్టి కడతారు. సుంకం పెరిగాక ఫోన్ చేసి, "బావగారూ, మంచిరోజులొచ్చాయి!" అన్నాడు. నూనె ప్యాకెట్ చేత్తో పట్టుకునే ఆ ఫోన్ ఎత్తాను. తిట్టలేను, అభినందించలేను. తోట పెట్టి కాపు కోసం మూడునాలుగేళ్లు ఎదురుచూసినవాడు మరి.

సుంకం ఒక్కటే ధరను నడపదు, అదీ గుర్తుంచుకోండి. 2024 జులైలో బంగారం మీద సుంకాన్ని 15 నుంచి 6 శాతానికి తగ్గించారు. బంగారం ధర కొన్నాళ్లు దిగింది, ప్రపంచ ధర ఎగబాకేసరికి మళ్లీ మొదటికొచ్చింది. ఇక రూపాయి పడిపోతే, ఎవరూ రేటు ముట్టుకోకుండానే నూనె మీద సుంకం రూపాయల్లో పెరుగుతుంది. సరుకు విలువ కట్టేది డాలర్లలో కదా.

2025 మే నెలాఖరున ముడినూనెల మూల సుంకాన్ని 10కి దించారు, అన్నీ కలిపి 16.5 అయింది. మా వీధి చివర బండి దగ్గర సుంకం పెరగక ముందు ఇరవై రూపాయలకి నాలుగు మిరపకాయ బజ్జీలు. పెరిగాక మూడు చేశాడు. తగ్గాక వెళ్లి, "నాలుగోది ఏదయ్యా?" అని అడిగాను. గరిటె పక్కనపెట్టి, శనగపిండి డబ్బా, గ్యాస్ బండ, చివరికి పొట్లం కట్టే కాగితం వరుసగా చూపించి, "ఇందులో ఏది తగ్గిందో చెప్పండి మాస్టారూ, నాలుగోది వేస్తాను" అన్నాడు.

మూడే తిని వచ్చాను.