కారు కంటే ముందు గది

శ్రోతలకు నమస్కారం.

మొన్న ఆదివారం మా అక్క కొడుకు వీడియో కాల్ చేశాడు. ఆగస్టులో అమెరికా వెళ్తున్నాడు. టెక్సాస్‌లో డాలస్ పక్కనే రిచర్డ్‌సన్ అనే ఊరుంది, అక్కడి యూనివర్సిటీలో మాస్టర్స్ సీటు వచ్చింది. "పిన్నీ, అక్కడ కారు లేకపోతే అడుగు బయట పెట్టలేమంట కదా! సీనియర్లందరూ అదే మాట. లోన్‌లో ఇంకో ఐదు లక్షలు ఎక్కువ పెట్టమంటావా?" అని అడిగాడు. పక్కన మా అక్క కూర్చుని ఉంది. ఏమీ మాట్లాడలేదు. ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టింది ఆమే.

నేను 2013 నుంచి 2015 వరకు ఆ ఊళ్లోనే, యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ ఎట్ డాలస్‌లోనే చదువుకున్నాను. అందుకే నన్నడిగాడు. నేను మాత్రం వాణ్ణి ఇంకో ప్రశ్న అడిగాను. "గది ఎక్కడ తీసుకుంటున్నావు నాన్నా?"

"అదింకా తేల్లేదు పిన్నీ. వాట్సాప్ గ్రూపులో నలుగురం కలిశాం. ఎక్కడ చవగ్గా వస్తే అక్కడ."

ఈ ఒక్క మాట మీదే ఇవాళ మీతో మాట్లాడాలనుకున్నాను. 2024-25లో అమెరికాలో చదువుతున్న మన దేశపు విద్యార్థులు 3,63,019 మంది. అందులో తెలుగు పిల్లలు ఎంతమందో మన అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కి దిగితేనే తెలిసిపోతుంది. వీళ్లంతా కారు గురించి అక్కడికి వెళ్లాక ఆలోచిద్దామనుకుంటారు. నిజానికి ఆ నిర్ణయం ఇక్కడే, జూన్, జూలై నెలల్లో, అకామడేషన్ వెతికే రోజుల్లోనే అయిపోతుంది. గది ఎక్కడో ఖాయమైతే కారు కావాలో వద్దో దాదాపుగా తేలిపోయినట్టే.

మా అక్క కొడుకు చూసిన రెండు గదుల లెక్కే చెబుతాను. క్యాంపస్‌కి నడిచి వెళ్లే దూరంలో ఉన్నదానికి తలా నెలకి 600 డాలర్లు. మూడు మైళ్ల అవతల ఉన్నదానికి 480. నెలకి 120 డాలర్లు మిగులుతాయి కదా అని వాళ్ల సంతోషం. ఆ మూడు మైళ్లలో బస్సు లేదు. కారు కొనాలి. అమెరికాలో ముందు డ్రైవింగ్ చేసిన చరిత్ర లేని ఇరవై మూడేళ్ల కుర్రాడికి ఇన్సూరెన్స్ నెలకి 150 డాలర్లు అడిగినా ఆశ్చర్యపోనక్కర్లేదు. మిగిలిన 120 అక్కడే పోయింది. ఆపైన పెట్రోలు, క్యాంపస్ పార్కింగ్ పర్మిట్, రిజిస్ట్రేషన్, ఆయిల్ మార్పించడం, టైర్లు. కారు ధర ఇంకా ఇందులో కలపనే లేదు. కాస్త నమ్మకంగా తిరిగే పాత కరోలానో సివిక్‌నో ఆరు వేల డాలర్లకి దొరికిందనుకోండి, డాలరుకి 85 రూపాయల చొప్పున వేసుకున్నా ఐదు లక్షల పైమాటే. అది చదువు లోన్‌లో కలిస్తే దానికీ వడ్డీ కట్టాలి.

అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ వాళ్లు ప్రతి ఏటా ఒక లెక్క వేస్తారు. 2024లో కొత్త కారు కొని ఏడాదికి 15,000 మైళ్లు తిప్పితే, విలువ తరగడంతో సహా, సగటున 12,297 డాలర్ల ఖర్చు అని తేల్చారు. మన పిల్లలు కొనేది పాత కారే, తిరిగేదీ తక్కువే, కాబట్టి అంత కాదు. అయినా కారు ఖర్చు కొన్న రోజుతో ఆగిపోదని తెలియడానికి ఆ అంకె చాలు.

ఇది నేను అనుభవించి చెబుతున్న మాట. మొదటి సెమిస్టర్‌లో నలుగురం కలిసి 3,200 డాలర్లకి ఒక పాత కారు కొన్నాం. మాలో లైసెన్స్ ముందుగా వచ్చింది నాకే కాబట్టి కారు, ఇన్సూరెన్స్ రెండూ నా పేరు మీదే తీసుకున్నాం. ఐదో నెలలో గేర్లు పడటం మానేశాయి. బాగుచేయడానికి 1,800 అవుతుందన్నాడు మెకానిక్. ఈలోగా మా రూమ్మేట్ ఒకమ్మాయి పార్కింగ్‌లో వేరే కారుకి తగిలించింది. నడిపింది తనైనా పాలసీ నాది. తర్వాతి ప్రీమియం పెరిగింది నాకు. ఆ డబ్బులు ఎవరివ్వాలనే మాట మీద నలుగురం మూడు వారాలు ఒకే వంటింట్లో మాట్లాడుకోకుండా వండుకున్నాం. ఆ అమ్మాయి నాకు అంతకుముందు జ్వరమొస్తే చారు కాచి పెట్టిన అమ్మాయి. డబ్బు పోయిన బాధ తీరిపోయింది కానీ అది మాత్రం ఇప్పటికీ గుర్తుంది. కలిసి కొనేటట్టయితే ఎవరి పేరు మీద, ఎవరెవరు నడుపుతారు, దెబ్బ తగిలితే ఎవరు కడతారు అనేది ముందే కాగితం మీద రాసుకోండి. నడిపే ప్రతి ఒక్కరి పేరూ పాలసీలో ఉండాలి.

ఇన్సూరెన్స్ అంటే మన దగ్గర థర్డ్ పార్టీ కట్టేసి మర్చిపోయే అలవాటు. టెక్సాస్‌లో చట్టం అడిగే కనీస పాలసీ ఏమిటంటే, ఎదుటివారికి దెబ్బలు తగిలితే మనిషికి 30,000 డాలర్ల వరకు, మొత్తం ప్రమాదానికి 60,000 వరకు, వాళ్ల వాహనానికి, ఆస్తికి 25,000 వరకు. మన కారుకి ఇందులో ఒక్క డాలరు కూడా రాదు. ఎదుటి బండి 50,000 డాలర్లదై పూర్తిగా దెబ్బతింటే, పాలసీ ఇచ్చేది పోను మిగతాది మన మెడకి చుట్టుకుంటుంది. నెలకి చవగ్గా వచ్చిందని సంబరపడే ముందు ఈ అంకెలు ఒకసారి చదవాలి.

పాత కారు కొనేవాళ్లకి ఇంకో జాగ్రత్త. 2017 ఆగస్టులో హార్వీ తుఫాను వచ్చి హ్యూస్టన్ ప్రాంతంలో లక్షల్లో కార్లు నీళ్లలో మునిగాయి. అలా మునిగిన కార్లు శుభ్రం చేసుకుని, సీట్లు మార్చుకుని వేరే ఊళ్లలో అమ్మకానికి వస్తుంటాయి. ప్రతి కారుకీ 17 అక్షరాలు, అంకెలు కలిసిన విన్ నంబర్ ఉంటుంది. దాన్ని నేషనల్ ఇన్సూరెన్స్ క్రైమ్ బ్యూరో సైట్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. టైటిల్ అంటే కారు యాజమాన్య పత్రం, దాని మీద సాల్వేజ్, అంటే బాగా దెబ్బతిన్న బండి అని ఉంటే ఎంత తక్కువకి ఇస్తామన్నా వెనక్కి వచ్చేయండి.

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది, తల్లిదండ్రులు శ్రద్ధగా వినండి. ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థి సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలు మాత్రమే పనిచేయాలి. మొదటి ఏడాది బయట ఉద్యోగం చేయడానికి వీల్లేదు. కారు కొన్నాక ఇన్సూరెన్స్ కట్టాలి, పెట్రోలు పోయాలి. క్యాంపస్ జీతం చాలదు. కారుంది కదా, ఇరవై మైళ్ల అవతల గ్యాస్ స్టేషన్‌లో, అంటే పెట్రోలు బంకులో, రాత్రి షిఫ్ట్ ఉంది, నగదు ఇస్తారు అని ఎవరో ఒకరు చెబుతారు. కారు కోసం ఉద్యోగం, ఉద్యోగానికి వెళ్లడానికి కారు. అందులో దిగితే వీసానే ప్రమాదంలో పడుతుంది. రాత్రంతా నిలబడి, తెల్లవారుజామున నిద్ర కళ్లతో గంటకి 70 మైళ్లు, అంటే మన లెక్కలో 112 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తే హైవే మీద ఇంటికి రావాలి. అక్కడి రోడ్ల మీద మన పిల్లలు పోయారన్న వార్తలు మనం పేపర్లో చదువుతూనే ఉన్నాం. అలాంటి వార్త చూసినప్పుడల్లా నాకు మా అక్క ముఖమే గుర్తొస్తుంది.

అలాగని కారు వద్దే వద్దని చెప్పను. డాలస్ ఎండాకాలంలో 40 డిగ్రీల ఎండలో, ఫుట్‌పాత్ లేని ఆరు లైన్ల రోడ్డు పక్కన పాల క్యాను పట్టుకుని నడిచినదాన్ని నేను. రాత్రి పది దాకా క్లాసు జరిగితే ఒక్కదాన్నే ఇంటికి ఎలా వెళ్లాలన్న టెన్షన్ నాకు తెలుసు. అదీగాక ఊరు ఊరుకీ తేడా. న్యూయార్క్‌లో సబ్‌వే ఉండగా విద్యార్థికి కారంటే పార్కింగ్ వెతుక్కునే బాధే. ఇల్లినాయ్‌లో అర్బానా-షాంపేన్, అయోవాలో ఏమ్స్ లాంటి యూనివర్సిటీ ఊళ్లలో స్టూడెంట్ ఐడీ చూపిస్తే బస్సు ఎక్కనిస్తారు. అదే డాలస్ పక్కనే ఉన్న ఆర్లింగ్టన్‌లో, పెద్ద యూనివర్సిటీ ఉండి కూడా, మన సిటీ బస్సుల్లా రూట్ల మీద తిరిగే బస్సుల్లేవు. 2017 చివరి నుంచి యాప్‌లో పిలిస్తే వచ్చే వ్యాన్లు నడుపుతున్నారు. అక్కడ చేరేవాడికీ, అర్బానాలో చేరేవాడికీ ఒకే సలహా ఎలా ఇస్తాం? సీనియర్ "కారు కావాలి" అన్నప్పుడు అతను ఏ ఊళ్లో, ఏ వీధిలో ఉంటున్నాడో కూడా అడగాలి.

రిచర్డ్‌సన్ సంగతే చూడండి. నేనున్నప్పుడు క్యాంపస్ చుట్టూ అపార్ట్‌మెంట్ల మీదుగా తిరిగే 883 నంబరు బస్సే మాకు దిక్కు. ఇప్పుడు 2025 అక్టోబరులో సిల్వర్ లైన్ అనే రైలు మొదలైంది. యూనివర్సిటీ పేరుతోనే స్టేషన్ ఉంది, అటు డీఎఫ్‌డబ్ల్యూ, అంటే డాలస్-ఫోర్ట్‌వర్త్ ఎయిర్‌పోర్ట్ దాకా వెళ్తుంది. మావాడు విమానం దిగి రైల్లోనే క్యాంపస్‌కి చేరొచ్చు. సరుకులకి వారానికోసారి ఎవరి కారులోనైనా పెట్రోలు డబ్బులు పంచుకుని వెళ్లొచ్చు, లేదా నలుగురు కలిసి ఊబర్ ఎక్కొచ్చు.

ఇంటర్న్‌షిప్ వస్తే కథ మారుతుంది. ఆఫీసులు ఎక్కువగా ఊరి చివర ఉంటాయి. అప్పుడు జీతం కూడా వస్తుంది కాబట్టి ఆ డబ్బుతోనే కారు కొనుక్కోవచ్చు. అప్పటికి లైసెన్స్ చేతిలో ఉండాలి. లైసెన్స్ మాత్రం కారు ఉన్నా లేకపోయినా తొందరగా తెచ్చుకోమంటాను. అక్కడ కుడి వైపు నడపాలి. నాలుగు వైపులా స్టాప్ బోర్డులున్న కూడలిలో ముందు ఎవరు వచ్చి ఆగితే వాళ్లు ముందు కదలాలి. స్కూల్ బస్సు ఎర్ర లైట్లు వేసి ఆగితే వెనకున్నవాళ్లే కాదు, మధ్యలో డివైడర్ లేని రోడ్డయితే ఎదురుగా వచ్చేవాళ్లూ ఆగాలి. ఇవి వంట్లోకి ఎక్కడానికి నెలలు పడుతుంది. వీసా వచ్చాక పదిరోజుల్లో డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకుని వెళ్లిన చేతికి అది చాలదు.

నిన్న రాత్రి మావాడు మెసేజ్ పెట్టాడు. నలుగురూ మాట్లాడుకుని 883 బస్సు ఆగే వీధిలో ఒక డబుల్ బెడ్‌రూమ్ చూశారట, తలా 560 డాలర్లు. లీజు కాగితం నాకు పంపాడు, ఇవాళ సాయంత్రం కూర్చుని చదవాలి. లోన్ ఫారంలో ఆ ఐదు లక్షలు మా అక్క కొట్టేసింది. నాగోల్‌లో పొద్దున ఆరింటి బ్యాచ్‌లో డ్రైవింగ్‌కి మాత్రం చేరాడు.

నమస్కారం.