లోపలికి చక్కగా వెళ్లింది బాబూ

శ్రోతలకు నమస్కారం.

కంప్యూటర్లు బాగుచేసే నాలాంటివాళ్లకు ఫోన్‌లో తరచుగా వినిపించే మాట ఒకటుంది. "అన్నీ సరిగ్గానే పెట్టానండీ!" ఆ మాట వినగానే నాకు ఒక పెద్దావిడ గుర్తొస్తారు. కొత్త మౌస్ పనిచేయడం లేదని ఫోన్ చేశారు.

"పిన్ గట్టిగా పెట్టారా అమ్మా?"

"లోపలికి చక్కగా వెళ్లింది బాబూ."

తీసి మళ్లీ పెట్టమన్నాను, పెట్టారు. కంప్యూటర్ ఆపి ఆన్ చేయించాను. బాణం గుర్తు కదల్లేదు. అరగంట అయ్యాక నాకు బుద్ధి పుట్టి, "పిన్ పెట్టిన చోటు ఎలా ఉందో కాస్త చూసి చెప్తారా?" అన్నాను. ఆవిడ టార్చిలైటు తెచ్చుకుని కంప్యూటర్ వెనక వైపుకు వంగి చూశారు. "చదరంగా ఉంది బాబూ. లోపల సన్నటి తీగలు వరసగా ఉన్నాయి. మా అబ్బాయి నెట్ వైరు ఇందులోనే పెట్టేవాడు."

అది ఈథర్‌నెట్ పోర్టు! మౌస్ పిన్ అందులోకి ఎలా వెళ్లిందంటారా? మౌస్‌కు ఉండే మామూలు యూఎస్‌బీ పిన్ వెడల్పు 12 మిల్లీమీటర్లు. నెట్ వైరు కొస వెడల్పు కూడా దాదాపు అంతే. ఎత్తులో తేడా ఉన్నా, పక్కలకు సరిగ్గా అమరుతుంది. కంప్యూటర్ వెనకాల చీకట్లో చేత్తో తడుముకుంటూ పెట్టేవాళ్లకు వేళ్లు చెప్పిందే నిజం. ఆవిడ వేళ్లు అబద్ధం చెప్పలేదు, పిన్ నిజంగానే చక్కగా వెళ్లింది. అందుకే ఇలాంటి పొరపాటుకు ఎవరినీ తెలివితక్కువవాళ్లు అనడం నాకు ఇష్టముండదు.

1996లో యూఎస్‌బీ రాకముందు కీబోర్డుకు, మౌస్‌కు గుండ్రటి పిన్నులుండేవి. రెండూ ఒకే ఆకారం. ఒకదాని చోట ఇంకొకటి హాయిగా దూరేది, కానీ పనిచేసేది కాదు. తర్వాత కీబోర్డుకు ఊదా, మౌస్‌కు ఆకుపచ్చ రంగులు వేశారు. యూఎస్‌బీ వచ్చాక ఆ గొడవ పోయింది గానీ ఇంకొకటి మొదలైంది. ఒకవైపు పెడితే వెళ్లదు, తిప్పితే వెళ్లదు, మళ్లీ మొదటివైపే తిప్పితే వెళ్తుంది! ఎటు తిప్పినా పట్టే టైప్-సి 2014లో వచ్చింది. అందులో పైన 12, కింద 12, మొత్తం 24 స్పర్శ బిందువులు. అదీ పూర్తిగా చిక్కు తీర్చలేదు. చూడ్డానికి ఒకేలా ఉండే రెండు టైప్-సి పోర్టుల్లో ఒకటి తెరకు బొమ్మ పంపుతుంది, ఇంకొకటి పంపదు.

అన్నిటికంటే నాకు చెమటలు పట్టించింది మాత్రం ఒక ఆఫీసు. పొద్దున్నే అందరికీ నెట్ ఒక్కసారిగా ఆగిపోయింది. వెళ్లి చూస్తే నెట్ వైర్లన్నీ కలిసే స్విచ్ పెట్టె మీద లైట్లన్నీ ఆగకుండా, ఒకేసారి మిణుకుమంటున్నాయి. ఒక్కో వైరూ పట్టుకుని వెతికాను. ఒక పొట్టి వైరు రెండు కొసలూ అదే పెట్టెలో ఉన్నాయి! శుభ్రం చేస్తున్న ఒకాయన, వైరు కొస వేలాడుతూ కాళ్లకు అడ్డం వస్తోందని ఖాళీగా కనిపించిన చోట పెట్టారు. అందరికీ వెళ్లాల్సిన సందేశాలు ఒక కొస నుంచి పోయి ఇంకో కొస నుంచి తిరిగొచ్చి, గుండ్రంగా తిరుగుతూ దారంతా నింపేశాయి. ఆ వైరు పీకిన క్షణంలో లైట్లు నెమ్మదించాయి. పాపం, ఆయన చేసింది మంచిపనే.

అప్పట్నుంచి ఫోన్‌లో "సరిగ్గా పెట్టారా?" అని అడగడం మానేశాను. ఆ ప్రశ్నకు ఎవరైనా "పెట్టాను" అనే అంటారు. "పిన్ ఒకసారి తీసి, దుమ్ము తుడిచి, అది ఏ ఆకారంలో ఉందో చెప్పండి" అంటాను. చాలామంది చెప్పబోతూ మధ్యలోనే ఆగి, "ఆగండాగండి" అంటారు.

ఆ పెద్దావిడ మళ్లీ పొరపాటు జరగకూడదని నెట్ పోర్టు మీద ఎర్ర టేపు అంటించారట. నెల తర్వాత ఫోన్ చేశారు. "బాబూ, మా అబ్బాయి వచ్చాడు. నెట్ వైరు పెడదామంటే చోటే లేదంటున్నాడు!"