ముసురు పట్టిన సాయంత్రం కట్టెల పొయ్యి: పొగ తిరగకుండా వెలిగించే పద్ధతి

నమస్కారం. చలికాలం సాయంత్రాలలో ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చోవడానికి వీలుగా, పొగగొట్టం ఉన్న ఇనుప కట్టెల పొయ్యిని ఎలా వెలిగించాలో ఈ వీడియోలో చూపిస్తాను. నెల్లూరులో పొయ్యి కావలసినంత చలి ఎక్కడిదని కొందరు అడగవచ్చు. నిజమే, మన తీరంలో జనవరి రాత్రులలో కూడా ఉష్ణోగ్రత సాధారణంగా 20 డిగ్రీల దగ్గరే ఉంటుంది. అయితే నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు నెలల మధ్యే కురుస్తుంది కాబట్టి, వరుసగా నాలుగు రోజులు ముసురు పట్టిందంటే గోడలు, దుప్పట్లు, కట్టెలు అన్నీ చెమ్మగిల్లుతాయి. మనకు పొయ్యి కావలసింది ఆ చెమ్మ కోసం.

ఇదిగో పొయ్యి. ఇది తలుపు, ఇది గాలి కంత, ఇది గొట్టం. గోడకు, చెక్క సామానుకు 3 అడుగుల ఎడం ఉంచాలి. తాటాకు కప్పు కింద, రెల్లు కప్పు కింద దీనిని పెట్టనే కూడదు. ఇక ముందుకు వెళదాం.

కట్టెలు చూడండి. ఇవి సరుగుడు, ఇవి జామాయిల్, ఆ పక్కన ఉన్నవి చిల్లచెట్ల కట్టెలు. నాకు సరుగుడే ఇష్టం, ఎందుకంటే అది గట్టి కట్టె, కణికలు చాలాసేపు నిలుస్తాయి. పచ్చిగా ఉన్నా మండుతుందని దానికి పేరుంది కానీ, ఆ పేరును నమ్ముకుని పచ్చి కట్టె వేస్తే ముందు అందులోని నీరు ఆవిరి కావడానికే వేడి ఖర్చవుతుంది, మిగిలింది పొగై గొట్టం లోపల జిగట మసిగా పేరుకుంటుంది. కట్టెలో తేమ 20 శాతానికి లోపు ఉండాలి. దానిని కొలిచే మీటరు దొరుకుతుంది కానీ నేను వంటింటి త్రాసునే వాడతాను: ఒక కట్టెకు గుర్తు పెట్టి వారానికొకసారి తూచి, బరువు తగ్గడం ఆగిపోయాక ఆ కుప్పను వాడడం మొదలుపెడతాను.

ఇప్పుడు పేర్చడం. పెద్ద కట్టెలు అడుగున, సన్నని పేళ్ళు వాటి మీద, చిదుగులు, కొబ్బరి పీచు అన్నిటికంటే పైన, ఇలాగ. ఇది మన అలవాటుకు తలకిందులే, కానీ పై నుంచి అంటించినప్పుడు కింది కట్టెల నుంచి లేచే పొగ మంట గుండా పోతూ అక్కడే కాలిపోతుంది.

ఇక్కడ ఆగండి, ఇంకా అగ్గిపుల్ల గీయకండి. నన్ను చాలాకాలం తిప్పలు పెట్టిన మెట్టు ఇదే. ముసురు రోజున గొట్టంలో చల్లని, బరువైన గాలి నిండి ఉంటుంది. ఆ గాలి కదలనంతవరకు పొగకు పైకి దారి ఉండదు, అది వెనక్కి తిరిగి మన ముఖం మీదికే వస్తుంది. కాబట్టి ముందు గొట్టాన్ని వేడి చేయాలి. ఒక కాగితాన్ని ఇలా చుట్టి, అంటించి, గొట్టం మొదలు దగ్గర, అంటే ఇదిగో ఇక్కడ, కట్టెల దగ్గర కాదు, గొట్టం దగ్గర పట్టుకోవాలి. మంట పైకి లాగినట్టు వంగిందా, చూడండి. వంగకపోతే ఇంకొక కాగితం. మంట పైకి లాగుతున్నప్పుడే, అప్పుడే, కొబ్బరి పీచును అంటించాలి. కర్పూరం బిళ్ళ ఒకటి పెడితే పని తేలిక అవుతుంది. కిరోసిన్ మాత్రం వద్దు.

మంట పట్టుకుంది. గాలి కంతను సగానికి మూయండి. పూర్తిగా మూస్తే కట్టె మండకుండా పొగలు కక్కుతుంది. ఊదుగొట్టం అందుబాటులో ఉంచుకోండి, విసనకర్రతో విసిరితే బూడిద ఇల్లంతా లేస్తుంది.

తలుపులన్నీ బిగించుకుని కూర్చోవద్దు. కణికల నుంచి కూడా కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి రంగు, వాసన ఉండవు కనుక తెలియదు. గొట్టం లేని కుంపటిని గదిలో పెట్టుకుని నిద్రపోవడం ప్రాణాంతకం. ఈ కిటికీ తెరిచి ఉంది, గమనించారా?

మంటలు తగ్గి నివురు పట్టాక అందులో గెనుసుగడ్డలు కప్పిపెట్టండి. ఒక మోస్తరు గడ్డకు దాదాపు 45 నిమిషాలు పడుతుంది, మధ్యలో ఒకసారి తిప్పాలి. పుల్ల గుచ్చితే మెత్తగా దిగాలి. వేరుశెనక్కాయలనైతే నివురులో వేయకుండా పొయ్యి పైన పెనంలో వేయించడం మేలు.

బూడిదను ఆ రాత్రే ఎత్తవద్దు. నివురు కింద కణిక మర్నాటి దాకా బతికి ఉండవచ్చు కనుక, ఉదయం ఎత్తినా ప్లాస్టిక్ బకెట్టులో కాకుండా మూత ఉన్న ఇనుప డబ్బాలోనే వేసి, ఆరుబయట నేల మీద ఉంచండి.