జాజ్ ట్రంపెట్ మీద పై స్వరాలు: మెల్లగా ఊదడంతోనే మొదలు

నమస్కారం. ముందు ఒక్క స్వరం వినండి, తరువాత మాట్లాడుకుందాం.

(ట్రంపెట్ ఎత్తి హై సిని చాలా మెల్లగా, ఎనిమిది లెక్కల పాటు పలికించాలి.)

ఇదే హై సి. పాశ్చాత్య స్వరలిపిలో ఐదు గీతలూ దాటి, పైన ఇంకో రెండు చిన్న గీతలు గీసుకుని రాసే సి. ఎంత మెల్లగా పలికిందో గమనించారా? పక్క గదిలో పడుకున్న పసిపాప కూడా ఉలిక్కిపడదు. పై స్వరాల కోసం నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది మొదట అడిగేది ఎంత గట్టిగా ఊదాలి అనే. ఈ వీడియోలో నేను దానికి ఎదురు దారిలో వెళ్తున్నాను. పై స్వరం ముందు మెల్లగా, సన్నగా పుట్టాలి. పుట్టిన తరువాత దాన్ని పెంచి పెద్దది చేసుకోవచ్చు.

గీతలకు సరిగ్గా పైన ఉండే జి వరకు తడబడకుండా వాయించగలిగిన వాళ్ల కోసం ఈ పాఠం. అక్కడికి ఇంకా చేరకపోతే తొందరపడకండి, మధ్యస్థాయి నిండుగా పలకనివ్వండి. ఆ పునాది లేకుండా పైకి వెళ్లినవాళ్లు కొన్నాళ్లకు కిందికి వచ్చి మళ్లీ మొదటినుంచి నేర్చుకోవడం నేను చూశాను.

ఇప్పుడు అసలు విషయం. పైకి వెళ్లేకొద్దీ ఎందుకు కష్టమవుతుంది?

మనం మామూలుగా వాయించే బి ఫ్లాట్ ట్రంపెట్ గొట్టాన్ని సాగదీస్తే దాదాపు 148 సెంటీమీటర్లు ఉంటుంది. వేళ్లతో నొక్కే మీటలు, అంటే వాల్వులు, ఏవీ నొక్కకుండా పెదవులతోనే కింది నుంచి పైకి వెళ్తే ఏ స్వరాలు వస్తాయో వినండి.

(వాల్వులు నొక్కకుండా కింది సి నుంచి హై సి వరకు.)

కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లు పోల్చే ఉంటారు. స, ప, పై స, గ, ప, ని, ఆ పై స. ఆ నిషాదం కైశికి కంటే కూడా కొంచెం కిందికి ఉంటుంది, అందుకే దాన్ని ఇలా వాల్వులు నొక్కకుండా వాడరు. మెట్ల మధ్య దూరాలు చూడండి. అడుగున స నుంచి ప దాకా ఒక్క అంగ. పైన స తరువాత రి, గ పక్కపక్కనే ఉంటాయి. కింద పెదవి కాస్త అటూ ఇటూ అయినా మీ స్వరమే పలుకుతుంది. పైన అంతే పొరపాటు చేస్తే పక్క స్వరం పలుకుతుంది.

లెక్కల్లో చెబితే, కింది సికి పెదవులు సెకనుకు 233 సార్లు తెరుచుకుని మూసుకుంటాయి. మధ్య సికి 466, హై సికి 932. అమెరికా వాళ్లు డబుల్ హై సి అనే దానికి 1865. ఇంత వేగంగా ఆడాలంటే పెదవిలో ఆడే భాగం చిన్నదవ్వాలి. వీణ మీద మెట్టు దగ్గర తీగను నొక్కినప్పుడు మోగే తీగ పొడవు తగ్గుతుంది కదా, అలాగే.

ఇంకో సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది, తెలిసిన రోజున ఎంతో ఊరట కలిగింది. మీరు ఊదినప్పుడు గొట్టంలో పోయే ధ్వని ముందువైపు విచ్చుకునే బెల్ చివరికి చేరాక కొంత బయటికి వెళ్తుంది, కొంత వెనక్కి తిరిగి మీ పెదవుల దగ్గరికే వస్తుంది. ఆ తిరిగొచ్చే అల పెదవులు ఆడే లయను నిలబెడుతుంది. కింది స్వరాలు స్థిరంగా నిలబడడానికి కారణం అదే. పైకి వెళ్లేకొద్దీ తిరిగొచ్చే భాగం తగ్గిపోతుంది, సెకనుకు సుమారు 1500 కంపనాలు దాటాక దాదాపు అంతా బయటికే పోతుంది. అక్కడ వాద్యం మీ చేయి పట్టుకోదు. స్వరం ఎక్కడుందో ముందు మీ చెవికి తెలియాలి, మనసులో మోగాలి, అప్పుడే పెదవి అక్కడికి వెళ్తుంది. అందుకే పై స్వరం వాయించే ముందు దాన్ని గొంతుతో, ఒక స్థాయి కిందనైనా, పాడమంటాను. నా విద్యార్థులకు నచ్చని అభ్యాసం ఇదే. అయినా దీన్ని మాత్రం నేను వదలను.

ఇక నొక్కుడు, అంటే పెదవులకు ఆనించే మౌత్‌పీస్‌ను మూతికేసి అదమడం. కెమెరా దగ్గరికి తెస్తున్నాను, నా పై పెదవి చూడండి. (మౌత్‌పీస్ తీసి చూపించాలి.) గుండ్రని గుర్తు లేత గులాబి రంగులో ఉంది, ఒకటి రెండు నిమిషాల్లో పోతుంది. ఈపాటి గుర్తు సహజం. ఎర్రగా గాడిలా పడి అరగంట అయినా పోకపోతే మీరు పెదవితో కాదు, చేతులతో వాయిస్తున్నారని అర్థం. స్వరం అందనప్పుడు చేతులు ట్రంపెట్‌ను మూతికేసి లాగుతాయి. పెదవి పళ్లకూ లోహానికీ మధ్య నలిగి సన్నబడుతుంది కాబట్టి ఆ ఒక్కసారికి స్వరం వస్తుంది. కానీ రక్తం ఆడదు, కాసేపటికి పెదవి మొద్దుబారుతుంది, ఇంకా గట్టిగా నొక్కుతాం.

నాకు 19 ఏళ్లప్పుడు ఒక పెళ్లి ఊరేగింపులో మూడు గంటలు బ్యాండుతో నడిచాను. పాటలన్నీ పై శ్రుతిలో పెట్టారు. చివరి గంటంతా నొక్కి నొక్కి వాయించాను. మర్నాడు పొద్దున పెదవి లోపలి వైపు పళ్ల అచ్చులు నల్లగా కమిలి ఉన్నాయి. పదకొండు రోజులు ట్రంపెట్ ముట్టలేదు. అన్నం కలుపుకుని తింటే కారం తగిలి కళ్లవెంట నీళ్లు వచ్చేవి. ఆ బాధ మీకు వద్దనే ఇంతగా చెబుతున్నాను.

జాజ్ ట్రంపెట్ దిగ్గజం లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అంతటి వాడికే ఈ దెబ్బ తగిలింది. ప్రతి రాత్రీ వరసగా హై సిలు వాయించి ప్రేక్షకులను ఉర్రూతలూగించిన మనిషి ఆయన. 1930లలో పెదవి చిట్లి కొంతకాలం వాయించడం ఆపేయాల్సి వచ్చింది. దగ్గరి నుంచి తీసిన ఫొటోల్లో ఆయన పై పెదవి మీద ఆ మచ్చ కనబడుతుంది. నోటి చుట్టూ ఉండే కండరం ఇలా చిరిగిపోవడాన్ని వైద్యులు ఆయన ముద్దుపేరుతోనే సాచ్మో సిండ్రోమ్ అంటారు.

మీరు నొక్కుతున్నారా లేదా తెలుసుకోవడానికి చిన్న పరీక్ష. ట్రంపెట్ పైన కుడిచేతి చిటికెన వేలు పెట్టుకునే కొక్కెం ఉంది కదా? ఆ వేలిని కొక్కెంలోంచి తీసి ఊరికే పైన ఆనించండి. ఎడమచేతి పట్టు వదులు చేయండి. ఇప్పుడు మధ్య సి, ఇ, జి వాయించండి. జి పలకకుండా గాలి మాత్రమే వస్తే, ఇన్నాళ్లూ ఆ స్వరాన్ని పలికించింది మీ చిటికెన వేలే. ఈ పద్ధతిలో రోజుకు ఐదు నిమిషాలు వాయించండి. మొదటి వారం కోపం వస్తుంది, రానివ్వండి.

గాలి సంగతి చూద్దాం. ఇక్కడ మన నేలకు సంబంధించిన ఒక ముచ్చట చెప్పాలి. పై స్వరాల గురించి మాట్లాడే ఎవరైనా తలచుకునే పేరు మేనార్డ్ ఫెర్గూసన్. 1928లో కెనడాలోని మాంట్రియల్ దగ్గర పుట్టారు, 1950లో స్టాన్ కెంటన్ బ్యాండ్‌లో చేరి, ట్రంపెట్ అంత పైకి వెళ్తుందా అని జనం నోరెళ్లబెట్టేలా వాయించారు. ఆ మనిషి 1960ల చివర్లో కుటుంబంతో సహా భారతదేశానికి వచ్చి, మన మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ పాఠశాలలో పాఠాలు చెప్పారు. తరువాత పుట్టపర్తిలో విద్యార్థుల బ్రాస్ బ్యాండుకూ నేర్పారు. యోగశ్వాసను ఆయన ట్రంపెట్‌కు వాడుకున్నారు. ఆయన నుంచి అది అందుకున్న ట్రంపెట్ వాద్యకారుడు బాబీ ష్యూ అమెరికాలో ఎంతోమందికి నేర్పారు. అనంతపురం, చిత్తూరు వైపు పిల్లలు ఎవరైనా ట్రంపెట్ పట్టుకుని ఈ వీడియో చూస్తుంటే, ఆయన మీ ఊళ్ల గాలి పీల్చి వెళ్లారని గుర్తుంచుకోండి.

శ్వాస ఇలా తీసుకోండి. ముందు పొట్ట కింది భాగం నిండాలి, తరువాత పక్కటెముకలు విచ్చుకోవాలి, చివరికి ఛాతీ పైభాగం లేవాలి. భుజాలు బిగిస్తే గొంతు కూడా బిగుస్తుంది, అందుకని నిండిన తరువాత భుజాలను వదిలేయండి. పీల్చిన గాలిని లోపల ఆపి ఉంచవద్దు, అలలాగా లోపలికి వెళ్లి ఆగకుండా వెనక్కి మళ్లాలి. పై స్వరానికి గాలి ఎక్కువ పరిమాణంలో అక్కర్లేదు, ఎక్కువ ఒత్తిడితో, సన్నని దారిలో పోవాలి. తోటలో నీళ్ల పైపు చివర బొటనవేలు అడ్డం పెడితే నీరు దూరంగా చిమ్ముతుంది చూడండి, అలా. వాయిస్తుండగా తల తిరిగినట్లు అనిపిస్తే వెంటనే ఆపి కూర్చోండి. నిలబడి మొండిగా వాయిస్తే స్పృహ తప్పిన వాళ్లూ ఉన్నారు.

ఆ సన్నని దారిని కట్టేది నాలుక. ఈల వేయడం వచ్చా? కింది నుంచి పైకి ఈల వేయండి.

(ఈల వేసి చూపించాలి.)

పెదవులు దాదాపు కదలలేదు, నాలుక లేచింది. కింది స్వరానికి "ఆ", పై స్వరానికి "ఈ". ఇంగ్లీషులో నేర్పేవాళ్లు ఈ అచ్చుల్ని చాలాసేపు వివరించాల్సి వస్తుంది. మనకు ఒకటో తరగతి నుంచే ఆ, ఈ తేడా నోటికి వచ్చు. నాలుక కొనను కింది పళ్ల వెనక ఆనించి ఉంచి, నడిమి భాగాన్ని "ఆ" నుంచి "ఈ"కి లేపండి. ఇప్పుడు అదే ట్రంపెట్‌తో, నాలుకతో కొట్టకుండా, సి నుంచి ఇకి, ఇ నుంచి జికి, జి నుంచి హై సికి జారండి. దీన్నే లిప్ స్లర్ అంటారు. పేరులో పెదవి ఉన్నా పని నాలుకదీ గాలిదీ. పెదవుల మూలలు మాత్రం గట్టిగా నిలబడాలి, నవ్వినట్లు వెనక్కి సాగకూడదు. సాగితే పెదవి పల్చబడి, స్వరం కీచుమంటుంది.

జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు డిజ్జీ గిలెస్పీ బుగ్గలు బూరెల్లా పొంగేవి, మేమూ అలా ఊదవచ్చా అని అడుగుతారు. వద్దు. ఆయన మూలలు ఎంత గట్టివో బుగ్గల వెనక మనకు కనబడదు.

ఇక నేను అన్నిటికంటే విలువిచ్చే అభ్యాసం. 1944లో డ్యూక్ ఎల్లింగ్టన్ బ్యాండ్‌లో చేరి, ఆ బ్యాండ్ పాటల చివర ఆకాశాన్ని తాకిన క్యాట్ ఆండర్సన్ నేర్పినది. స్వరలిపిలో రెండో గీత మీది జి. మధ్యస్థాయిలోది, పిల్లలు కూడా వాయించేది. దాన్ని గుసగుసంత మెల్లగా, ఇరవై నిమిషాలు. ట్రంపెట్‌ను పెదవుల నుంచి తీయకుండా, ముక్కుతో శ్వాస తీసుకుంటూ. అంతే.

ఇరవై నిమిషాలు ఒకే స్వరమా అనుకుంటున్నారా? ఏం జరుగుతుందో చెబుతాను. మొదటి నిమిషం బాగానే ఉంటుంది. మూడో నిమిషానికి స్వరం తెగుతుంది, ఉస్సుమని గాలి ముందు వచ్చి స్వరం వెనక వస్తుంది. మీ చేతులు నొక్కాలని చూస్తాయి, ఎక్కువ ఊదాలనిపిస్తుంది. రెండూ చేయకండి. మూలల్ని వెంట్రుకవాసి దగ్గరికి తెండి, పెదవుల మధ్య సందు చిన్నదవుతుంది. ఉస్సుమనే చప్పుడు తగ్గి, స్వరం దారం పోగులా నిలబడుతుంది. ఆ క్షణంలో మీ పెదవి కొత్త విషయం నేర్చుకుంది. తక్కువ గాలికి, చిన్న సందులో ఆడడం. హై సికి కావలసింది సరిగ్గా ఇదే. మొదట ఐదు నిమిషాలతో మొదలుపెట్టి, వారానికి రెండు మూడు నిమిషాలు పెంచండి. అయిపోయాక పావుగంట ట్రంపెట్ పెట్టెలో పెట్టేయండి.

విశ్రాంతి తరువాత అదే మెత్తదనంతో జి నుంచి అర స్వరం చొప్పున పైకి ఎక్కండి. స్వరం పిసరంత మసకబారిన చోట ఆగండి. ఆ రోజుకు మీ హద్దు అదే. రేపు మళ్లీ. వాయించినంత సేపు విశ్రాంతి ఉండాలి. నెలకు ఒక అర స్వరం పెరిగినా బాగా సాగుతున్నట్లే. లోతు తక్కువ మౌత్‌పీస్ కొంటే హై నోట్స్ వస్తాయా అంటారు. నాదం పదునెక్కుతుంది, అలసట కొంచెం తగ్గుతుంది. లేని స్వరం మాత్రం రాదు.

చివరిగా, ఈ స్వరాలను పాటలో ఎక్కడ పెట్టాలి? 1928 జూన్ 28న షికాగోలో ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డు చేసిన వెస్ట్ ఎండ్ బ్లూస్ వినండి. మొదట్లో ఆయన ఒక్కడే వాయించే భాగాన్ని అందరూ పొగుడుతారు. నేను చివరి ఆవృత్తం వినమంటాను. ట్రంపెట్ వాళ్ల లెక్కలో హై సి, దాన్ని దాదాపు నాలుగు బార్ల, అంటే పదహారు లెక్కల, పాటు అలా పట్టుకుని ఉంటారు. కింద పియానో, మిగతా వాద్యాలు కదులుతూనే ఉంటాయి, ఆయన కదలరు. మనం ఊపిరి బిగబట్టి వింటాం. తరువాత ఆ ఎత్తు నుంచి స్వరాలు జలజలా కిందికి రాలుతాయి. ఆ రాలడం కోసమే అంతసేపు పట్టుకున్నారు. మీరు సోలో వాయించేటప్పుడు ముందు ఆ వరసను ఒక స్థాయి కింద వాయించి చూడండి. కింద అందంగా లేనిది పైన వాయించినా అందంగా ఉండదు.

షేక్ గురించి, అంటే పెద్ద జాజ్ బృందంలో (బిగ్ బ్యాండ్‌లో) మొదటి ట్రంపెట్ వాయించేవాళ్లు పై స్వరాన్ని దాని పై మెట్టుతో కలిపి ఊపడం గురించి, వచ్చే వీడియోలో చూపిస్తాను. దానికి లిప్ స్లర్లు నునుపుగా రావాలి, అందుకే ఇప్పుడే చెప్పలేదు.

ఇప్పుడు మీ ట్రంపెట్ చేతిలోకి తీసుకోండి. చిటికెన వేలు కొక్కెంలోంచి బయటికి. భుజాలు వదులు. రెండో గీత మీది జి. ముందు పాడుకోండి. నాతో కలిసి ఒక్క నిమిషం, ఎంత మెల్లగా వీలైతే అంత మెల్లగా. ఊపిరి తీసుకోండి.

(జి, ఒక నిమిషం.)