నల్లరంగు ట్యూబు ఇంట్లో పెట్టి రండి

అందరికీ నమస్కారం. ఇందాక బయట ఒక పెద్దాయన నా బొమ్మ చూసి "ఏటి బాబూ, కుళ్ళిపోయిన గేదెకి ఇన్ని మంచి రంగులేటి?" అన్నారు. ఆయన అడిగిన దగ్గరే మొదలుపెడతాను.

బోదిలేర్ అని ఫ్రెంచి కవి. 1857లో 'లే ఫ్లర్ ద్యు మాల్', అంటే చెడులో పూసిన పూలు, అని పుస్తకం వేస్తే కోర్టు 300 ఫ్రాంకుల జరిమానా వేసి ఆరు కవితలు తీయించేసింది. ఆ నిషేధం పోయేసరికి 1949 అయింది. నన్ను పట్టుకున్నది మాత్రం నిషేధం పడని కవిత. ఎండాకాలం పొద్దున్న మనం చూసింది గుర్తుందా అని ప్రియురాలిని అడిగి, దారి పక్కన కుళ్ళుతున్న కళేబరం ఆకాశం కింద పువ్వులా ఎలా విచ్చుకుందో చెబుతాడు, ఆ పైన నువ్వూ ఒకరోజు ఇంతే అంటాడు (ఆవిడ ఏమందో రాయలేదు).

ఆ కళేబరాన్నే గేదెగా మార్చి నీటిరంగుల్లో బొమ్మ వేశాను. చీకటి కవిత కదా అని మొదట్లో నల్లరంగు దట్టంగా పూసేశాను. ఆరాక చూస్తే మసిగుడ్డ. నీటిరంగుల్లో వెలుగు వచ్చేది కింద ఉన్న తెల్ల కాగితం నుంచే, దాన్ని మూసేస్తే బొమ్మ చచ్చిపోతుంది. ఇప్పుడు నలుపు బదులు ప్రష్యన్ బ్లూ అనే ముదురు నీలంలో బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమరంగు కలుపుతా, లేదా క్రిమ్సన్ ఎరుపులో విరిడియన్ ఆకుపచ్చ. పల్చగా ఒక పూత, అది పూర్తిగా ఆరాక ఇంకోటి, అలా నాలుగైదు. మన విజయనగరం వానాకాలంలో ఫ్యాను కింద పెట్టినా ఓ పట్టాన ఆరదు, ఓపిక లేకపోతే అంతా బురదే. కాగితం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువు) తీసుకోండి, పల్చటిది ఉబ్బిపోతుంది.

ఒకరోజు సగం ఆరిన పూత మీద బ్రష్ నుంచి నీటిచుక్క జారిపడి, రంగు అంచులకి పరిగెత్తి పెద్ద మరక కట్టింది. డ్రాయింగ్ మాస్టార్లు దీన్ని తప్పంటారు. కానీ ఇంగ్లీషులో దీని పేరు 'బ్లూమ్', అంటే పువ్వు విచ్చుకోవడమే! గేదె పొట్ట దగ్గర మీరు చూసినవన్నీ అవే, ఈసారి కావాలనే వేశాను. పారిస్ నేను చూడలేదు కాబట్టి వెనకాల గుర్రపుడెక్క పట్టిన మన చెరువు పెట్టాను. చెరువు ఊపిరి తీసేస్తూ ఎంత ముద్దుగా పూస్తుందో ఆ ఊదాపువ్వు!

తరవాత గురజాడ కవితలోని పూర్ణమ్మని, ముసలివాడికి కట్టబెడితే కొలనులో కలిసిపోయిన ఆ పిల్లని, వేద్దామనుకుంటున్నా. అక్కడ ఈ ధోరణి పనికిరాదు, కుళ్ళుని చూసి బోదిలేర్ మురుస్తాడు, గురజాడకి ఏడుపొస్తుంది. చీకటి నీళ్ళలో కలువలకి తెలుపు పూయకూడదు, మొదటి నుంచీ కాగితం అలాగే వదిలేయాలి. ఇప్పటికి మూడు షీట్లు పాడయ్యాయి.