రీమ్యాప్ చేయించిన కారుకి వారంటీ ఉన్నట్టా, పోయినట్టా?

[తెర మీద: లిఫ్ట్ ఎక్కించిన టర్బో కారు. బోనెట్ తెరిచి ఉంది. స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టుకి (బండి కంప్యూటర్‌ని చదివే సాకెట్) స్కానర్ తగిలించి ఉంది.]

ఇలాంటి బండి ఒకటి సర్వీస్ సెంటర్‌కి వచ్చిందనుకోండి. వారంటీ గడువు ఇంకా ఉంది. కంప్లైంట్లు మూడు. డ్రైవర్ వైపు అద్దం పైకి రావట్లేదు. ముందు చక్రం దగ్గర గుర్రుమని శబ్దం వస్తోంది, అంటే వీల్ బేరింగ్ పోయింది. ఇక అసలు సంగతి, మూడో సిలిండర్‌లో కంప్రెషన్ లేదు. ఓనరు ఈమధ్యే స్టేజ్ 1 రీమ్యాప్ చేయించి (పవర్ కోసం ఇంజిన్ కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్పించి), బండిని కిందికి దించే లోయరింగ్ స్ప్రింగులు, చక్రాల వెనక బిగించే వీల్ స్పేసర్లు వేయించాడు.

ఈ ప్రశ్న వేస్తే కార్ల పిచ్చి ఉన్నవాళ్లు రెండు జట్లుగా చీలిపోతారు. "చెయ్యి పెట్టావా, వారంటీ గోవిందా" అంటుంది ఒక జట్టు. "చట్టం ఉంది, వాళ్లేం చేయలేరు" అంటుంది రెండోది. ఇద్దరూ వారంటీ బుక్‌లెట్ తెరిచి చూసినట్టు లేదు.

[తెర మీద: వారంటీ బుక్‌లెట్‌లో "వర్తించనివి" పేజీ]

కంపెనీ వారంటీ మీకిచ్చే హామీ ఒక్కటే. మెటీరియల్‌లో గానీ, తయారీలో గానీ లోపం ఉండి భాగం పాడైతే బాగుచేసి ఇస్తాం అని. అందుకే మామూలుగా వారంటీ మొత్తాన్ని ఒక్క దెబ్బతో కొట్టేయరు, ఒక్కో క్లెయిమ్‌నీ విడిగా చూస్తారు. ఈ భాగం పాడవడానికి ఆ మార్పు కారణమా? ప్రశ్న అంతే.

మన బండికి పెట్టి చూద్దాం. పవర్ విండో మోటారుకీ రీమ్యాప్‌కీ ఏ సంబంధమూ లేదు, కాబట్టి అది వారంటీలో రావాలి. బేరింగ్ దగ్గర కంపెనీకి మాట్లాడటానికి పాయింట్ దొరుకుతుంది. స్పేసర్ వేస్తే చక్రం బయటికి జరుగుతుంది, బరువు పడే చోటు మారి బేరింగ్ మీద ఒత్తిడి పెరుగుతుంది. ఇంజిన్ సంగతి కాస్త నింపాదిగా చూడాలి.

దానికి ముందు చట్టం గురించి రెండు ముక్కలు. అమెరికాలో 1975 నాటి మాగ్నుసన్-మాస్ చట్టం ఉంది. మా బ్రాండ్ భాగాలే వాడాలి, మా దగ్గరే సర్వీస్ చేయించాలి, లేకపోతే వారంటీ చెల్లదు అని కంపెనీ షరతు పెట్టడం ఆ చట్టం ప్రకారం కుదరదు. ఆ భాగాన్నీ సర్వీసునీ ఉచితంగా ఇస్తేనో, ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ప్రత్యేకంగా అనుమతిస్తేనో తప్ప. ఇలాంటి షరతుల మీద ఆ కమిషన్ 2018లో కొన్ని కంపెనీలకు హెచ్చరిక లేఖలు పంపింది, 2022లో హార్లీ-డేవిడ్సన్ మీద చర్య తీసుకుంది. యూరోపియన్ యూనియన్‌లో లెక్క వేరు. కొత్త వస్తువు అమ్మినవాడి బాధ్యత కనీసం 2 ఏళ్లు ఉంటుంది. మొదటి ఏడాదిలో లోపం బయటపడితే అది కొన్నప్పటి నుంచీ ఉన్నదనే లెక్క, కాదంటే అమ్మినవాడే నిరూపించాలి.

ఇవేవీ రీమ్యాప్‌కి లైసెన్సులు మాత్రం కావు. మీరు వేయించిన మార్పు వల్లే ఫలానా భాగం పోయిందని కంపెనీ చూపించగలిగితే, ఆ రిపేరుకి డబ్బు కట్టనక్కర్లేదు. పైగా నిరూపించే బాధ్యత కాగితం మీద ఎవరిదైనా, తేలేదాకా కదలని బండితో కూర్చునేది మీరే.

[తెర మీద: పిస్టన్ అడ్డకోత బొమ్మ. రింగుల గాడుల మధ్య భాగం ఎర్రగా వెలుగుతుంది.]

ఇప్పుడు ఇంజిన్. స్టేజ్ 1 అంటే సాధారణంగా ఒక్క భాగం కూడా మార్చరు, ఈసీయూలో, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌లో, సాఫ్ట్‌వేర్ మాత్రమే మారుస్తారు. టర్బో బూస్ట్, అంటే ఇంజిన్‌లోకి తోసే గాలి ఒత్తిడి, పెంచుతారు, ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం) కాస్త ముందుకు జరుపుతారు, టార్క్‌కి, అంటే ఇంజిన్ తిప్పే బలానికి, కంపెనీ పెట్టిన పరిమితులు పెంచుతారు. సీట్లో కూర్చున్నవాడికి వీపు మీద తన్నినట్టు ఉంటుంది, నిజమే, సరదాగానే ఉంటుంది. ఆ తన్ను సిలిండర్ లోపల ఒత్తిడి రూపంలో పిస్టన్‌కీ తగులుతుంది. పెట్రోల్ ఆక్టేన్ చాలకపోతే నాకింగ్, అంటే లోపలి మిశ్రమం దానంతటదే పేలినట్టు అంటుకోవడం, మొదలవుతుంది. పెట్రోల్‌ని నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో ఇంజిన్లలో ఇంకో బెడద ఉంది. తక్కువ ఆర్‌పీఎంలో, పై గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే, స్పార్క్ పడకముందే మిశ్రమం అంటుకోవచ్చు. అలాంటి దెబ్బకి పిస్టన్‌లో రెండు రింగుల మధ్య ఉండే సన్నటి అంచు విరుగుతుంది.

టెక్నీషియన్ స్పార్క్ ప్లగ్ విప్పి, ఆ రంధ్రంలోంచి బోర్‌స్కోప్ కెమెరా దింపుతాడు. పిస్టన్ అంచున చిన్న ముక్క లేచిపోయి ఉంటుంది, సిలిండర్ గోడ మీద నిలువుగా గీతలు కనిపిస్తాయి. ఫొటోలు కంపెనీకి వెళ్తాయి. చిక్కంతా ఎక్కడంటే, ఏ మార్పూ చేయని ఇంజిన్‌లోనూ ఇదే జరగొచ్చు. విరిగిన ముక్కని చూసి ఎవరి తప్పో చెప్పలేం. కాబట్టి కంపెనీ ఈసీయూని అడుగుతుంది.

[తెర మీద: స్కానర్ స్క్రీన్. కాలిబ్రేషన్ నంబర్ పక్కన ఎర్ర గుర్తు.]

ఈసీయూలోని సాఫ్ట్‌వేర్‌కి ఒక గుర్తింపు సంఖ్య, దాన్ని సరిచూసే ఇంకో సంఖ్య ఉంటాయి. ఫైలు మారితే సరిచూసే సంఖ్యా మారుతుంది. ఫోక్స్‌వ్యాగన్, ఆడి బండ్లను డీలర్ దగ్గర ఆన్‌లైన్‌లో కలిపినప్పుడు తేడా బయటపడితే, ఆ ఛాసీ నంబరు మీద టీడీ1 అనే గుర్తు, అంటే ఈ బండిలో మార్పు జరిగిందని కంపెనీ రికార్డు, పడుతుంది. ఆ తర్వాత ఇంజిన్, గేర్‌బాక్స్ క్లెయిమ్‌ల గతి ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

సర్వీస్‌కి ముందు రోజు ఒరిజినల్ ఫైలు వేయించుకుని వెళ్దామనుకునేవాళ్లు చాలామందే ఉంటారు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు ఉంటుంది ఆ పని. ఎన్నిసార్లు ప్రోగ్రామ్ చేశారో కొన్ని ఈసీయూలు లెక్క పెట్టుకుంటాయి. నిన్ననే మెమరీ చెరిగిపోయి, సెల్ఫ్ టెస్టులు ఇంకా పూర్తికాని బండి, పేలిన ఇంజిన్‌తో టో ట్రక్కు మీద వస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. ఫైలు ముట్టుకోకుండా బూస్ట్ సెన్సర్‌ని మభ్యపెట్టే పిగ్గీబ్యాక్ బాక్సులు పట్టుబడవు అంటారు. బాక్స్ పీకేసినా, ఇంజిన్ ఇచ్చిన టార్క్, పట్టిన గాలి లాంటి గరిష్ఠ విలువలు మెమరీలో మిగిలే బండ్లున్నాయి. పోర్షే ఈసీయూ అయితే ఇంజిన్ పరిమితికి మించి ఎన్నిసార్లు తిరిగిందో, ఇంజిన్ నడిచిన ఎన్నో గంటలో అలా తిరిగిందో కూడా రాసి పెడుతుంది.

మార్పులేవీ చేయకపోయినా ఇరుక్కోవచ్చు, అది ఇంకో కథ. ఆర్35 నిస్సాన్ జీటీ-ఆర్ కొత్తగా వచ్చిన రోజుల్లో, బండి జారకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ ఆపేసి లాంచ్ చేసినవాళ్ల (నిలబడ్డ చోటి నుంచి ఒక్కసారిగా దూకించినవాళ్ల) గేర్‌బాక్సులు పోతే వారంటీ దగ్గర పెద్ద గొడవలే జరిగాయి. తర్వాత నిస్సాన్ ఆ సాఫ్ట్‌వేర్‌నే మార్చింది. రేసింగులో, పోటీల్లో వాడితే వర్తించదు అనే వాక్యం చాలా బుక్‌లెట్లలో ఉంటుంది. సొంత బండిని రేస్ ట్రాక్ మీద నడిపే ట్రాక్ డే దాని కిందికి వస్తుందో లేదో వెళ్లకముందే చదువుకోండి.

చిన్న మార్పులకి అంత టెన్షన్ అక్కర్లేదు. వెనకవైపు ఎగ్జాస్ట్, బ్రేక్ ప్యాడ్లు, కంపెనీ సైజులోనే వేరే వీల్స్, బాడీ మీద అతికించే ర్యాప్ లాంటివి ఇంజిన్ క్లెయిమ్‌కి అడ్డం రావడం కష్టం. నూనె రాసే ఎయిర్ ఫిల్టర్‌తో మాత్రం జాగ్రత్త, ఎక్కువ రాస్తే ఎయిర్‌ఫ్లో సెన్సర్ మీద పేరుకుంటుంది. పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేసిన డౌన్‌పైప్ (టర్బో నుంచి పొగ వెళ్లే గొట్టం) అయితే వారంటీ కంటే ముందు కాలుష్య చట్టంతోనే పేచీ వస్తుంది.

[తెర మీద: డీలర్ బిల్లు మీద ప్యాకేజీ పేరు]

పవరూ కావాలి, వారంటీ కూడా కావాలంటే కంపెనీ వాళ్ల ప్యాకేజీలే నయం. ఫోర్డ్ సొంత పెర్ఫార్మెన్స్ విభాగం, టొయోటా టీఆర్‌డీ విభాగం లాంటివి కొన్ని భాగాలకి డీలర్ బిగిస్తే వారంటీ ఇస్తాయి. ధర ఎక్కువ, పెరిగే పవర్ తక్కువ. బయటి ట్యూనర్లలోనూ సొంత వారంటీ ఇచ్చేవాళ్లున్నారు, కాకపోతే దాని వెనక నిలబడేది ఆ షాపే, కార్ల కంపెనీ కాదు. నా మటుకు నేను చెప్పేది, ఇంజిన్ పోతే సొంత డబ్బుతో వేయించుకోగలిగితేనే రీమ్యాప్ జోలికి వెళ్లండి. ఇన్సూరెన్స్ వాళ్లకి కూడా చెప్పండి, అది వేరే కాంట్రాక్టు.

క్లెయిమ్ కుదరదని సర్వీస్ అడ్వైజర్ నోటిమాటగా అంటే ఊరుకోవద్దు. ఏ భాగం, ఏ మార్పు వల్ల, ఏ ఆధారంతో అన్నది రాతపూర్వకంగా అడగండి. బోర్‌స్కోప్ ఫొటోలు, స్కానర్ రిపోర్టు కాపీ తీసుకోండి. ఆయిల్ మార్పించిన బిల్లులు దగ్గర పెట్టుకోండి, విప్పిన భాగాలు పారేయొద్దని చెప్పండి. సొంతంగా ఇంకో నిపుణుడికి చూపించాలనుకుంటే ఇంజిన్ విప్పకముందే చూపించాలి. ఇంజిన్ విప్పడానికి మీ సంతకం అడుగుతారు. వారంటీ రాకపోతే విప్పిన కూలీ, తిరిగి బిగించే కూలీ మీ మీదే పడొచ్చు. ఆ మొత్తం ఎంతో కాగితం మీద రాయించుకున్నాకే సంతకం పెట్టండి.