బ్రిటన్‌లో అనస్థీషియా శిక్షణ: మొదటి 6 నెలలు ఎలా చదవాలి?

నమస్కారం. బ్రిటన్‌లో అనస్థీషియా ట్రైనింగ్‌లో కొత్తగా చేరిన డాక్టర్లు ఎక్కువగా అడిగే ప్రశ్న, "ఏ పుస్తకం కొనాలి?" అని. పుస్తకం సంగతి తర్వాత చూద్దాం. రేపు పొద్దున మీ ఆపరేషన్ థియేటర్ లిస్టులో ఏ పేషెంట్లు ఉన్నారు? మొదటి 6 నెలల చదువు అక్కడి నుంచే మొదలవ్వాలి. ఎందుకో చెప్తాను.

[స్క్రీన్ మీద: 7 ఏళ్ల శిక్షణ, మూడు స్టేజ్‌లు]

ముందు మొత్తం దారిని ఒక్కసారి చూసేద్దాం. రాయల్ కాలేజ్ ఆఫ్ అనస్థటిస్ట్స్ 2021 కరికులం ప్రకారం శిక్షణ 7 ఏళ్లు. మొదటి 3 ఏళ్లు స్టేజ్ 1, ఆ తర్వాత స్టేజ్ 2కి, స్టేజ్ 3కి రెండేసి ఏళ్లు. ఎఫ్‌ఆర్‌సీఏ అనేది ఈ కాలేజీ పెట్టే పరీక్ష. స్టేజ్ 1 పూర్తి కావాలంటే ప్రైమరీ ఎఫ్‌ఆర్‌సీఏ, స్టేజ్ 2 పూర్తి కావాలంటే ఫైనల్ ఎఫ్‌ఆర్‌సీఏ పాసవ్వాలి.

కానీ వీటన్నిటికంటే ముందు దాటాల్సింది ఐఏసీ, అంటే ఇనీషియల్ అసెస్‌మెంట్ ఆఫ్ కాంపిటెన్స్. సాధారణంగా మొదటి 3 నుంచి 6 నెలల్లో పూర్తి చేస్తారు. అప్పటిదాకా సీనియర్ నేరుగా పర్యవేక్షిస్తుంటేనే మీరు మత్తు ఇవ్వాలి. ఐఏసీలో చూసేవి ముఖ్యంగా రెండు. ఆపరేషన్‌కి ముందు పేషెంట్‌ని సరిగ్గా పరీక్షించగలరా? పెద్దగా జబ్బులేమీ లేని పేషెంట్‌కి, చిక్కుల్లేని ఆపరేషన్‌కి జనరల్ అనస్థీషియా సురక్షితంగా ఇవ్వగలరా? వినడానికి చిన్నవిగానే అనిపిస్తాయి. నా దృష్టిలో మాత్రం మిగతా శిక్షణంతా ఈ రెండింటి మీదే నిలబడుతుంది.

రేపటి లిస్టుతో చదవడం అంటే ఏమిటో ఒక్క విషయం తీసుకుని చూద్దాం.

[స్క్రీన్ మీద: మాస్క్, సర్క్యూట్, మానిటర్ దగ్గరి నుంచి]

మత్తు ఇచ్చే ముందు మాస్క్‌తో ఆక్సిజన్ ఇస్తాం కదా. ఎందుకు? మామూలుగా గాలి వదిలాక కూడా పెద్దవాళ్ల ఊపిరితిత్తుల్లో దాదాపు రెండు, రెండున్నర లీటర్ల గాలి మిగిలి ఉంటుంది. దాన్నే ఎఫ్‌ఆర్‌సీ అంటాం. శరీరం నిమిషానికి సుమారు 250 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకుంటుంది. ఊపిరితిత్తుల్లో ఉన్నది మామూలు గాలే అయితే అందులో ఆక్సిజన్ అర లీటరు కూడా ఉండదు. ఊపిరి ఆగితే ఒకటి రెండు నిమిషాల్లోనే సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, పడిపోవడం మొదలవుతుంది. అదే మాస్క్‌తో 3 నిమిషాలు నూరు శాతం ఆక్సిజన్ ఇస్తే, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో దాదాపు 8 నిమిషాల వ్యవధి దొరుకుతుంది. శ్వాసనాళంలోకి ట్యూబ్ వేయడం కష్టమైన రోజున ఆ నిమిషాలే పేషెంట్ ప్రాణం కాపాడతాయి.

అయితే 3 నిమిషాలు అయ్యాయా అని గడియారం చూస్తే సరిపోదు. మాస్క్ ముఖానికి గట్టిగా ఆనుకుని ఉందా? ప్రతి శ్వాసకూ బ్యాగ్ కదులుతోందా? కాప్నోగ్రఫీ గీత, అంటే వదిలే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని మానిటర్ మీద చూపించే గీత, సరిగ్గా వస్తోందా? మాస్క్ పక్కల నుంచి లీక్ ఉంటే గది గాలి కలిసిపోతుంది. మానిటర్‌లో ఎండ్ టైడల్ ఆక్సిజన్, అంటే ఊపిరి వదలడం చివర్లో గాలిలో ఉండే ఆక్సిజన్, 90 శాతానికి దగ్గరగా వచ్చేదాకా ఆగండి. ఇక లిస్టులో గర్భిణి గానీ, బాగా లావుగా ఉన్నవాళ్లు గానీ, చిన్నపిల్లలు గానీ ఉంటే ఆ 8 నిమిషాలు దొరకవు. ఎందుకు దొరకవో ఆ రాత్రే చదవండి. రేపు చూడబోయే పేషెంట్ కోసం చదివింది మర్చిపోవడం కష్టం.

ట్యూబ్ వేశాక కాప్నోగ్రఫీ గీత లేకపోతే, ట్యూబ్ తప్పు చోట ఉందనే అనుకోండి. గుండె ఆగిన పేషెంట్‌లో కూడా ఛాతీ నొక్కుతుంటే కొద్దిగానైనా గీత కనిపిస్తుంది. "బహుశా మానిటర్ పాడైందేమో" అన్న ఆలోచన ప్రాణాలు తీసింది. ఇలాంటి సమయంలో సహాయం కోసం పిలవడానికి ఎవరూ మొహమాటపడకూడదు. ఐఏసీ అయ్యాక కూడా అంతే. ఆన్ కాల్ మొదలయ్యే ముందే కన్సల్టెంట్‌ని, అంటే బాధ్యత వహించే సీనియర్ డాక్టర్‌ని అడగండి, "ఏ కేసుల్లో తప్పకుండా ఫోన్ చేయమంటారు?" అని.

[స్క్రీన్ మీద: వనరుల పేర్లు]

ఇప్పుడు ఎక్కడ చదవాలో చూద్దాం. ఎన్‌హెచ్‌ఎస్ (బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ) ఉద్యోగులకు ఈ-లర్నింగ్ అనస్థీషియా కోర్సులు ఉచితం. చిన్న చిన్న సెషన్లు, ఒక్కో సాయంత్రానికి ఒకటి చాలు. అసోసియేషన్ ఆఫ్ అనస్థటిస్ట్స్ వాళ్ల క్విక్ రిఫరెన్స్ హ్యాండ్‌బుక్‌ని ఇవాళే ఫోన్‌లోకి దింపుకోండి. అనాఫిలాక్సిస్ (ప్రాణాంతకమైన అలర్జీ), మాలిగ్నంట్ హైపర్‌థర్మియా (కొన్ని మత్తు మందులకు శరీర వేడి ప్రమాదకరంగా పెరిగిపోవడం) లాంటి అత్యవసర పరిస్థితుల్లో వరుసగా ఏం చేయాలో అందులో ఉంటుంది. దాన్ని చదవడమే కాదు, టీమ్‌తో కలిసి పైకి చదువుతూ రిహార్సల్ చేయండి. ఎయిర్‌వే, అంటే శ్వాసమార్గం విషయంలో డిఫికల్ట్ ఎయిర్‌వే సొసైటీ గైడ్‌లైన్స్ ఉన్నాయి. ప్రపంచ అనస్థీషియా సంఘాల సమాఖ్య నడిపే ట్యుటోరియల్ ఆఫ్ ద వీక్ ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. ఒక్కో టాపిక్ కొన్ని పేజీల్లోనే అయిపోతుంది.

ప్రైమరీ పరీక్ష గురించి మొదటి నెలలోనే టెన్షన్ అక్కర్లేదు. కానీ ఫిజిక్స్‌ని మాత్రం చివరికి వదిలేయకండి. పల్స్ ఆక్సిమీటర్ సుమారు 660, 940 నానోమీటర్ల కాంతితో పనిచేస్తుందని బట్టీ పడితే మార్కులొస్తాయి. కార్బన్ మోనాక్సైడ్ పీల్చిన పేషెంట్‌కి అదే మీటర్ దాదాపు మామూలు సాచురేషన్ చూపించి మోసం చేస్తుంది. ఎందుకో అర్థమైతే రాత్రి ఎమర్జెన్సీలో పనికొస్తుంది.

చివరగా పేపర్ వర్క్. చేసిన కేసుల్ని మీ ఆన్‌లైన్ లాగ్‌బుక్‌లో ఆ రోజే రాసేయండి. అసెస్‌మెంట్ ఫారం కావాలంటే కేసు అయిపోయాక కాదు, మొదలవ్వకముందే కన్సల్టెంట్‌ని అడగండి. "ఈ కేసులో నా మాస్క్ వెంటిలేషన్ గమనించి చెప్తారా?" అని ఒక్క అంశం అడిగితే, ఆయన కూడా దాన్నే చూసి, పనికొచ్చే మాట చెప్తారు. ఊరికే "బాగా చేశావు" అని రాసిన ఫారాలు పది పోగైనా, ఏం దిద్దుకోవాలో వాటిలో దొరకదు.